బఠాణీ గింజంత చాలన్నారు డాక్టరుగారు

పద్దెనిమిదేళ్ల వయసులో నా ముఖాన్ని నా చేతులతోనే ఎలా తగలబెట్టుకున్నానో, దాంతో ఒక పరీక్ష కేంద్రాన్ని ఎలా హడలగొట్టానో చెబుతాను, తీరిగ్గా కూర్చోండి. ఇందులో శత్రువుల ప్రమేయం ఏమీ లేదు. అంతా స్వయంకృషే.

మాది రేపల్లె. నేను బడి గడప తొక్కలేదు, నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆ రుణం తీరేది కాదు. ఓపెన్ స్కూల్ ఇంటర్ పరీక్షలకి బాపట్ల సెంటరు పడింది. మొదటిసారి నలుగురు పిల్లల మధ్య కూర్చోబోతున్నాను. చదువు సిద్ధంగానే ఉంది. ముఖమే లేదు, బుగ్గల నిండా మొటిమలు.

తెనాలిలో డాక్టరుగారు రెటినాయిడ్ క్రీము రాసిచ్చి, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలమ్మా. మొదట్లో వారానికి రెండు రాత్రులే. పైన మాయిశ్చరైజరు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. నలుగులూ, నిమ్మరసాలూ మానెయ్."

"ఎన్నాళ్లకి తగ్గుతుందండి?"

"మూడు నెలలు ఓపిక పట్టాలి."

పరీక్ష పది రోజుల్లో! వైద్యశాస్త్రాన్ని అక్కడికక్కడే సవరించేశాను. దేవుడికి రోజూ దీపం పెట్టేదాన్ని, ముఖానికి వారానికి రెండుసార్లేనా? రోజూ రాశాను, ఇడ్లీ మీద చట్నీ పోసుకున్నంత ధారాళంగా. ఇక సన్‌స్క్రీనా? పొద్దున్నే డాబా మీద సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేదాన్ని. ఆయనకీ నాకూ మధ్య క్రీము అడ్డమా? అపచారం కాదూ!

ఐదో రోజుకి మంట, పెచ్చులు. మా పిన్ని చూసింది.

"ఏంటే, పాత గోడకి సున్నం రాలినట్టు రాలుతున్నావు?"

"కొత్త చర్మం వస్తోంది పిన్నీ."

"అయితే పాతదాన్ని తొందరగా సాగనంపుదాం. సున్నిపిండిలో నిమ్మకాయ పిండుతా, రా."

ఆవిడ ప్రేమకి ఇత్తడి బిందె అయితే తళతళలాడిపోయేది. నేను బిందెను కానని ఇద్దరికీ తోచలేదు.

పరీక్ష రోజుకి ముఖం పండుమిరపకాయ, కళ్లు రెండు గీతలు. బాపట్ల వెళ్లాలంటే తెనాలిలో రైలు మారాలి, పిన్ని తోడు వచ్చింది. తెనాలి వెళ్లే రైల్లో ఒకావిడ నన్ను చూసి, "అమ్మవారు పోసినట్టుందమ్మా" అంటూ లేచింది. క్షణంలో బెంచీ అంతా ఖాళీ. దేవుడి దయవల్ల పిన్నీ నేనూ కాళ్లు చాపుకుని వెళ్లాం.

బాపట్లలో పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఇన్విజిలేటరు మేడమ్ హాల్ టికెట్ చూసింది, నన్ను చూసింది, మళ్లీ హాల్ టికెట్ చూసింది.

"ఈ ఫొటోలో అమ్మాయివి నువ్వేనా?"

"నేనేనండి. క్రీము రాశానండి."

"క్రీము రాస్తే మనిషే మారిపోతుందా? వేరేవాళ్ల బదులు వచ్చావా? నిజం చెప్పు."

నాన్న ఇన్నేళ్లపాటు చెప్పిన చదువంతా ఆ గుమ్మంలోనే ఆగిపోయేలా ఉంది. ఏడుద్దామంటే కన్నీళ్లు తగిలి బుగ్గలు మరింత మండుతున్నాయి.

సెంటరు చూసుకునే పెద్దసారు వచ్చారు. సంతకం పెట్టించారు, సరిపోయింది. చేతి మీద పుట్టుమచ్చ సరిపోయింది. చివరికి ఆధార్ కార్డు నా చెంప పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"లోపలికి పంపండి మేడమ్," అన్నారు. "ఆధార్ ఫొటోలోనే అందంగా ఉన్న మనిషిని నా సర్వీసులో ఇవాళే చూశాను."

పాసయ్యాను. తర్వాత డాక్టరుగారు క్రీము ఆపించి, మంట తగ్గాక చెప్పిన పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టించారు. మొటిమలు నిజంగానే తగ్గాయి. ఆయనకీ, ఆ పెద్దసారుకీ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇందుమూలంగా, మిగిలిన చర్మం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వైద్యం చదవని నేను, చదివినవాళ్ల మాటకి ఇకమీదట మెరుగులు దిద్దను.