వరుసలో పెట్టిన చెప్పులు

మొన్న మిట్టమధ్యాహ్నం అబిడ్స్‌లో నేను ఉత్తకాళ్లతో నడుస్తుంటే మీలో ఎవరో చూశారట కదా! మొక్కు కాదు, ఏం కాదు. అంతా నా డిసిప్లిన్ పుణ్యం!

అబిడ్స్ వెనక సందులో మా చిన్నాయన కొడుకు ఇల్లు. సత్యనారాయణ వ్రతం. వికారాబాద్ నుంచి మా అక్క వచ్చింది. పాపం, మడిమల నొప్పి. ముందురోజే ఆమెకు మెత్తటి నల్ల చెప్పులు కొనిచ్చాను. వ్రతం కాగానే నాంపల్లి స్టేషన్‌లో బండి ఎక్కించాలి.

గుమ్మం ముందు చూస్తే చెప్పుల గుట్ట! ఒకటి ఇటు, ఒకటి అటు. చెప్పులు సరిగ్గా విడవని మనిషికి పూజ దేనికండీ? కథ నడుస్తుండగానే లేచి వెళ్లి అన్నీ సదిరాను. నల్లవి ఒక వరుస, గోధుమరంగువి ఒక వరుస. చిన్నవి ముందు, పెద్దవి వెనక. చూస్తే కళ్లు చల్లబడ్డాయి!

ప్రసాదం తిని జనం బయటికొచ్చారు. అంతే!

"తులసికుండీ పక్కన ఇడిసిన. యాడవాయె?"

"నావి మెట్టు కింద ఉండె గదా!"

"ఎవలు సదిరిన్రు గివి?"

అప్పుడు అర్థమైంది. ఆ గుట్టలో ఎవరి చోటు వాళ్లకు గుర్తుంది. ఎవరూ అజమాయిషీ చేయకుండానే అది నడుస్తోంది. నేను చెయ్యి పెట్టాకే చెడింది. నల్ల వరుసలోంచి అక్క చెప్పులు ఎవరో తమవే అనుకుని తొడుక్కుని వెళ్లిపోయారు!

బండికి టైం అవుతోంది. మడిమ నేలకు ఆనితే అక్క కళ్లలో నీళ్లు. నా చెప్పులు విప్పి, కింద కూర్చుని ఆమె కాళ్లకు తొడిగి పట్టీలు బిగించాను.

"మరి నీకేంది రా?"

"నా ఫికర్ చెయ్యకు. నడువక్కా."

ఆటోలో తీసుకుపోయి బండి ఎక్కించాను. తిరిగొచ్చేటప్పుడు, తప్పుకు శిక్ష ఉండాలని ఆటో ఎక్కలేదు. మొజంజాహీ మార్కెట్ దాటేసరికి అరికాళ్లు మండి, బుద్ధి కూడా వచ్చింది.

సాయంత్రం అక్క ఫోన్.

"నా చెప్పులు దొరికినయా?"

"దొరికినయ్ అక్కా. ఏస్కపోయినామె మళ్ల తెచ్చిచ్చింది."

"మంచిగాయె. నీవి నా గడప ముందల ఒకటి గీడ, ఒకటి గాడ ఇడిసిన. నీకు నిద్ర పట్టదు గదా, వచ్చి సదురు!"

పని, పద్ధతి అంటూ అక్క ఇంటికి పోయి ఎన్నాళ్లయిందో! ఆదివారం పోతున్నాను. ఆమె గడప ముందు చెప్పులు వంకరగా విడవాలని ఇంట్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎంత విసిరినా జంటగానే పడుతున్నాయి!