తాబేలు పక్కన వదిలిన డబ్బా

సముద్రం మీద పరిశోధన అని పేరే గాని, మోకాళ్ల లోతు దాటి నేనెన్నడూ సముద్రంలోకి దిగింది లేదు. ఇబ్రహీంపట్నంలో అద్దెకున్న రెండు గదుల ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడమే నా సముద్రయానం. అప్పుడప్పుడు బస్సెక్కి నగరంలోని ఆఫీసులో ముఖం చూపించి వస్తాను.

ఆ ఏడు మా పనంతా ఒక తాబేలు పిల్ల మీద. అన్నం తినే పళ్లెమంత ఉంటుంది. తీరంలో తొట్టెలో పెంచి, వీపు మీద సిగ్నల్ పంపే చిన్న యంత్రం అతికించి, బంగాళాఖాతంలో వదిలారు. దాని పక్కనే అలాంటి యంత్రంతోనే ఒక ప్లాస్టిక్ డబ్బాను కూడా వదిలారు. డబ్బాకు ఈత రాదు, ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. తాబేలు దారి దాన్నుంచి విడిపోతే తన ఇష్టంతో ఈదుతున్నట్టు. విడిపోకపోతే దాని మేత, దాని బతుకు అంతా ప్రవాహం దయ.

రెండు ప్రవాహాలు కలిసే చోట నాచు, చిన్న పీతలు, జెల్లీ చేపలు పోగవుతాయి. తాబేలు పిల్లలు మేసేది అక్కడే. మనం పారేసిన కవర్లు, తెగిన వలలు చేరేదీ అక్కడికే. ఈ ఒక్క పిల్లయినా ఆ చెత్తను దాటి దక్షిణాన మంచి మేతకు ఈదిపోవాలని నా ఆశ. పరిశోధనలో ఆశ పడకూడదంటారు. అలా అన్నవాళ్లు ఏ తాబేలునూ రోజూ చూసి ఉండరు.

యాచారం దగ్గరి మా చెలక, ఉన్న ఒక్క మెట్ట భూమి, సర్కారు కట్టే ఫార్మా సిటీ కింద పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. పొద్దున లేస్తే ఆమెకు చేసేందుకు పని లేదు. మ్యాపులో ఎర్ర చుక్క తాబేలు, నీలం చుక్క డబ్బా అని చూపించాను. అప్పటి నుంచి చాయ్ గ్లాసు పట్టుకుని రోజూ అడిగే మొదటి మాట ఒకటే.

"తిన్నదా?"

సిగ్నల్‌లో తిండి కనిపించదని చెప్పి చెప్పి విసుగొచ్చింది. అయినా అడిగేది.

కొన్నాళ్లు ఎర్ర చుక్క నిజంగానే ఈదింది. మునిగినప్పుడు యంత్రం పలకదు కాబట్టి సిగ్నల్ తెగుతూ తెగుతూ వచ్చేది. డబ్బా ఒక సుడిలో పడి తిరుగుతుంటే తాబేలు ఏటవాలుగా దక్షిణానికి జరిగింది. మా తాబేలు మస్తు మొండిదని అమ్మ పక్కింటామెకు చెప్పుకుంది. నేను సిగ్గు లేకుండా మిఠాయి తెచ్చాను.

ఆ తర్వాత సిగ్నల్ బాగుపడింది. పగలంతా ఎక్కడా తెగకుండా, ఎన్నడూ రానంత చక్కగా వచ్చింది. చుక్క మాత్రం వెనక్కి మళ్లి, డబ్బా తిరిగే సుడిలోకే చేరి, దానితో సమానంగా తిరగసాగింది. దానికి తోడు దొరికిందని అమ్మ సంబరపడింది. తాబేలు మునగడం మానేసిందంటే అర్థమేమిటో నాకు తెలుసు. యంత్రం ఊడిపోయి ఒక్కటే తేలుతుండొచ్చని ఆఫీసులో ఒకరన్నారు. అలా జరగదని కాదు. కానీ అప్పుడే ఊడడానికి అతికించి ఎన్నాళ్లయిందని? నా మనసుకు అది ఉత్త ఓదార్పులాగే వినిపించింది.

అమ్మకు చెప్పేశాను. చెప్పకపోతే పొద్దున మళ్లీ తిన్నదా అంటుంది, అది నేను భరించలేను. చచ్చిపోయి తేలుతోందన్నాను. ఎట్లా తెలిసిందని అడిగింది. తనంతట తాను కదలడం లేదు, డబ్బాలాగే నీళ్లు తీసుకుపోయిన చోటికల్లా పోతోంది, అందుకే అన్నాను.

అమ్మ ఆ రెండు చుక్కలనూ వేలితో తాకి చూసింది.

"నీళ్లు ఏడికి తీస్కపోతె ఆడికి పోతె, సచ్చినట్టేనా బిడ్డా?"

అవునని అనబోయి ఆగిపోయాను. చెలక పోయాక ఆమెను ఇక్కడికి తెచ్చుకున్న రోజు, ట్రాలీ ఆటో వెనక సామాన్ల మధ్య కూర్చుని వచ్చింది. ఎక్కడికి పోతున్నామని దారిలో ఒక్కసారి కూడా అడగలేదు.