వెరావల్ దాకా కూర్చుని

కళింగపట్నం ఈశ్వర్ పదిహేనేళ్ళు గుజరాత్ వెళ్ళి వచ్చాడు. ఒక్కసారి కూడా కూర్చుని వెళ్ళలేదు.

ఏటా ఆగస్టులో జనరల్ పెట్టె ఎక్కి, మరుగుదొడ్డి తలుపుకి వీపు ఆనించి నిలబడి, దేశం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్ళేవాడు. వెరావల్ రేవులో సేటు పడవ మీద మే నెలాఖరు దాకా వేట. మళ్ళీ అదే తలుపు, అదే వీపు. ఈ వలస గురించి రాసేవాళ్ళు ముందు కళ్ళు తుడుచుకుని తర్వాత కలం పడతారు. ఈశ్వర్‌కి ఆ కన్నీళ్ళతో పని లేదు. కూలి సరిగ్గానే ఇచ్చారంటాడు. ఆ కూలితోనే ఇల్లు కట్టాడు. బావమరిది గంగులుతో కలిసి ఫైబర్ పడవ కొన్నాడు. గుజరాత్ మానేశాడు. అతని ఫిర్యాదు ఒక్కటే: అన్నేళ్ళు తిరిగినా మధ్యలో ఏముందో చూడలేదు. చూసినవన్నీ పక్కవాళ్ళ మోచేతులు. తిరుగుదారిలో ఒకచోటికి వచ్చేసరికి పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా తుమ్మేవారు. అది ఏ ఊరో, ఎందుకు తుమ్మేవారో ఇప్పటికీ తెలియదు.

2017లో, నలభై దాటాక, తేల్చేసుకున్నాడు. ఈసారి వేట నిషేధంలో సొంత బండి మీద వెరావల్ వెళ్ళాలి.

నిషేధమంటే ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఆ రెండు నెలలే అతనికి సెలవు. అదీ పూర్తిగా కాదు. మే దాటితే వెరావల్లో కూడా పడవలు కట్టేస్తారు, పాత సావాసగాళ్ళు రైళ్ళెక్కేస్తారు. వెళ్ళేసరికి రేవు ఖాళీగా ఉంటే ఆ ప్రయాణానికి అర్థం లేదు. ఈ ఏడు తప్పితే వచ్చే ఏడని ఎవరైనా అనొచ్చు. పదిహేనేళ్ళు తనకి తనే ఆ మాట చెప్పుకున్నవాడితో మాత్రం అనలేరు.

ఒడ్డున వల బాగుచేస్తూ గంగులు వేళాకోళం మొదలుపెట్టాడు.

“రైలుంది గదా బావా. రిజర్వేసన్ సేయించుకో. కూకుని ఎల్లు, తొంగుని ఎల్లు.”

“రైలు దానికి నచ్చిన కాడ ఆగుతాది. నాకు నచ్చిన కాడ ఆగాల.”

“ఆగి ఏటి సేస్తావు?”

“సూస్తాను.”

“ఏటి సూస్తావు?”

“ఆగితే గదరా తెలుస్తాది!”

అతని కన్ను పడ్డ బండి మామూలుది కాదు. దూరాలకీ గతుకు రోడ్లకీ చేసిన ఎత్తు మోటారుసైకిలు. ముందు చక్రం పెద్దది, స్ప్రింగులు పొడుగు, వెనక రెండు పక్కలా ఇనప పెట్టెలు. ముందు మడ్‌గార్డు చక్రాన్ని అంటుకోకుండా పైకి లేచి, పడవ ముక్కులా ఉంటుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో మొదటిసారి దాన్ని చూసినప్పుడు, అది వెళ్ళిపోయాక కూడా ఈశ్వర్ అక్కడే నిలబడ్డాడట. గంగులు దానికి ఒంటె అని పేరు పెట్టాడు.

కొత్తదా, పాతదా? ఈ ప్రశ్నకి సలహాలు ఉచితం. కొత్తది కొంటే మనశ్శాంతి అంటారు పెద్దలు. పాతది కొనడమే తెలివి అంటారు బైకు క్లబ్బు కుర్రాళ్ళు. ఇద్దరూ భక్తులే, దేవుళ్ళే వేరు. ఈశ్వర్ ఎవరి మాటా వినకుండా ముందు విశాఖపట్నం షోరూముకి వెళ్ళాడు.

కొత్త బండి ఎక్కి కూర్చున్నాడు. రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి ఆనాయి. రబ్బరు వాసన, గీత పడని టాంకు. దిగబుద్ధి కాలేదు. అమ్మకాల అమ్మాయి సుహాసిని నిజం దాచే రకం కాదు.

“ఇది చూపించడానికి పెట్టింది సార్. బుక్ చేస్తే మీకు జూన్ మొదటి వారంలో వస్తుంది.”

“జూన్ సగమయితే నాను సముద్రంలో ఉంటానమ్మా. బేగి రాదేటి?”

“రాదు సార్. వచ్చాక కూడా మొదటి సర్వీసు అయ్యేదాకా నెమ్మదిగా నడపాలి.”

“ఎంత నెమ్మదిగా?”

“పాల పాకెట్టుకి వెళ్తున్నట్టు సార్.”

ఈశ్వర్ దిగాడు. పాల పాకెట్టు కోసం గుజరాత్ వెళ్ళే ఉద్దేశం అతనికి లేదు.

పాత బండి విజయనగరంలో దొరికింది. బట్టల కొట్టు యజమాని కొడుకు రమేష్‌బాబుది. కొని ఏడాది. అద్దంలా మెరుస్తోంది. ఇనప పెట్టెల నిండా లడక్, స్పితి, భూటాన్ అని రంగురంగుల స్టిక్కర్లు. ఈశ్వర్ వాటిని వేలితో తడుముతూ చదివాడు. బేరం చప్పున కుదిరింది. అప్పుడు ఈశ్వర్ తన షరతు పెట్టాడు.

వాళ్ళ రేవులో పాత పడవ కొనడానికి ఒక పద్ధతి ఉంది. డబ్బు ఇచ్చే ముందు, అమ్మేవాడే కొనేవాడిని ఎక్కించుకుని కెరటాలు దాటించి తీసుకురావాలి. కొనేవాడు పడవని పెద్దగా చూడడు. అమ్మేవాడి మొహం చూస్తాడు. ఏ కెరటం దగ్గర వాడి చెయ్యి అంచు మీద బిగుసుకుంటుందో, ఎప్పుడు చూపు అడుగుపలక వైపు పోతుందో కనిపెడతాడు. పడవలో ఉన్న జబ్బు పడవకన్నా ముందు ఆ మొహంలో తెలుస్తుంది. ఈశ్వర్, గంగులు తమ ఫైబర్ పడవ అలాగే కొన్నారు. దానికి ముందు రెండు పడవలు అలాగే వద్దన్నారు.

“సాలూరు ఘాటీ ఎక్కించి తీసుకురా బాబూ. నాను ఎనకాల కూకుంటాను.”

“అంత దూరం దేనికండీ? ఇక్కడే బైపాస్ మీద చూసుకోవచ్చు కదా.”

“నాను ఎల్లేది ఆ దారినే గదా.”

సాలూరు దాకా రమేష్‌బాబు భుజం మీంచి వెనక్కి తిరిగి బండి గుణగణాలు వర్ణిస్తూనే ఉన్నాడు. లారీలకి పేరుపడ్డ ఆ ఊరు దాటి, కొండ మీదికి ఘాటీ మొదలవగానే వర్ణన ఆగింది. లారీలు ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ ఎక్కుతున్నాయి. పడవలోలా ఇక్కడ మొహం కనపడదు, మెడ కనపడుతుంది. ఈశ్వర్ మెడనే చూశాడు. మొదటి మలుపులో అది బిగుసుకుంది. తర్వాతి మలుపులో దాని మీద చెమట పట్టింది. ఆ పై మలుపులో రమేష్‌బాబు రెండు కాళ్ళూ కింద పెట్టేశాడు.

“పైదాకా ఎందుకండీ? బండి ఎలాంటిదో తెలిసిపోయింది కదా.”

“తెలిసింది బాబూ. వద్దు.”

“వద్దా? ఏమిటండీ లోపం?”

“అది నీకే తెలియాల.”

రమేష్‌బాబు మొహం ఎర్రబడింది. బండి తిప్పి కిందికి దింపాడు. ఈశ్వర్ బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

ఇంటి ముందు తులసి ఎండుచేపలు సంచుల్లోకి ఎత్తుతోంది. తులసి ఈశ్వర్ భార్య, గంగులుకి అక్క. విజయనగరం నుంచి చీపురుపల్లి దాకా సంతలన్నీ తిరిగి ఎండుచేపలు అమ్ముతుంది. ఆమెతో బేరం మొదలుపెట్టి గెలిచినవాళ్ళు లేరు. ఈశ్వర్ జరిగింది చెప్పాడు.

“బండి ఏటైనా సప్పుడు సేసిందేటి?” అంది తులసి.

“లేదు.”

“ఓ పక్కకి లాగిందా?”

“లేదు.”

“మరేటి?”

“ఆడు బెదిరిపోయాడే. మెడంతా సెమట. అమ్మినోడే బెదిరితే సరుకులో ఏదో ఉన్నట్టే గదా.”

తులసి సంచి వదిలేసి నవ్వింది.

“పడవ అమ్మినోడు సముద్రం మీద పెరిగినోడు మావా. ఆడు నీటికి బెదరడు. బెదిరితే పడవకే బెదరాల. బట్టల కొట్టోడి కొడుక్కి ఆ కొండేటి తెలుసు? బండికి బెదిరాడో, కొండకి బెదిరాడో, ఎనక్కూకుని నీకెలగ తెలిసిపోయింది?”

“పెట్టెల నిండా లడక్కు, బూటాను అని అంటించుకున్నాడే!”

తులసి చేతిలో సంచి తిప్పి చూపించింది. దాని మీద పెద్ద అక్షరాలతో బాస్మతి బియ్యం అని ఉంది.

“లోపల బాస్మతి ఉన్నాదేటి మావా?”

ఈశ్వర్ సంచి వైపు చూశాడు. అందులోంచి కవళ్ళ చేపల తోకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

మర్నాడు ఇద్దరూ విజయనగరం వెళ్ళారు. సంత కూడా చూసుకోవచ్చని తులసి ఎండుచేపల గంప వెంట తెచ్చుకుంది. కొట్లో రమేష్‌బాబు తల ఎత్తలేదు.

“నిన్న వద్దన్నారు కదండీ. ఇంకొకరు అడుగుతున్నారు. రేపు వస్తారు.”

“నిన్నటి తప్పు నాది బాబూ,” అన్నాడు ఈశ్వర్. “నిన్ను పడవోడి లాగ సూసేను.” పడవ కొనే పద్ధతి ఏమిటో, తను మెడ ఎందుకు చూశాడో అంతా చెప్పాడు. ఇలాంటప్పుడు మర్యాదస్తులు వాతావరణం గురించి మాట్లాడతారు. ఈశ్వర్‌కి ఆ అలవాటు లేదు. “నువ్వు బండికి బెదిరావా, కొండకి బెదిరావా? ఒక్క మాట సెప్పు. ఏదైనా తప్పు లేదు.”

రమేష్‌బాబు కొట్లో తండ్రి ఉన్నాడేమో చూసి, గొంతు తగ్గించాడు. “కొండకేనండీ. నేను భీమిలి దాటి వెళ్ళలేదు. లడక్‌కి మావాళ్ళంతా వెళ్ళారు. నేను ఆఖరి రోజున జ్వరమన్నాను. స్టిక్కర్లు వాళ్ళే తెచ్చిచ్చారు.” తాళం చెవి బల్ల మీద పెట్టాడు. “మీరే నడిపి చూసుకోండి. నేను మాత్రం రాను.” మళ్ళీ అనుమానం వచ్చింది. “తిరిగి తెస్తారని నమ్మకం ఏమిటి?”

“నా గంప ఇక్కడ పెట్టి ఎల్తాను బాబూ,” అంది తులసి, పట్టుచీరల బీరువా పక్కనే దాన్ని దింపుతూ. “మేం బేగి రావాలని నువ్వే మొక్కుకుంటావు.”

తులసి చీర కుచ్చిళ్ళు బిగించి వెనక ఎక్కింది. ఘాటీలో ఈశ్వర్ లారీల వెనక తొందరపడలేదు. మలుపులో లారీ ఎంత బయటికి జరుగుతుందో చూసి, ఖాళీ దొరికినప్పుడే దాటాడు. గతుకులు వచ్చినచోట ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి మోకాళ్ళు వదులు చేశాడు. కెరటం మీద పడవలో నిలబడేది అలాగే. బండి కింద ఊగింది, మనిషి ఊగలేదు.

“లోయలోకి సూడకు మావా!” తులసి అతని చెవిలో అరిచింది. “లోయ నాను సూస్తాను. నువ్వు రోడ్డు సూడు!”

పైకి చేరి టీ తాగారు. మళ్ళీ ఎక్కి మీట నొక్కితే బండి టిక్కుమంది, అంతే. ఇంకోసారి నొక్కాడు. టిక్కు కూడా లేదు.

ఈశ్వర్ దిగి కూర్చుని బండిని మొదటిసారి అమ్మేవాడి సంగతి పక్కన పెట్టి చూశాడు. గొలుసు తుప్పు పట్టి ఎర్రగా ఉంది, నూనె చుక్క ఎరగదు. టైర్ల మీద కొత్త రబ్బరు వెంట్రుకలు ఇంకా పోలేదు. బ్యాటరీ నెలల తరబడి కొట్టు వెనక షెడ్డులో పడి ఉండి సగం చచ్చినది, ఇవాళ పూర్తిగా చచ్చింది. ఇది తిరిగి పాడైన బండి కాదు. నిలబెట్టి పాడుచేసిన బండి. కొత్తదీ కాదు, వాడిందీ కాదు.

“ఏటంటావు?” అన్నాడు.

“ఇంజను బాగుంటే మిగిలినయ్యి మారుతాయి. ఇంజను ఎలగున్నాదో కిందికెల్తే తెలుస్తాది. ఎక్కు.”

వాలు మీదికి తోసి, దొర్లుతుండగా గేరులో వేసి క్లచ్ వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. సాలూరులో ఆపకుండా విజయనగరం చేరారు. అప్పటికి కొట్టు ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి, ఫ్యాన్లన్నీ వేసి ఉన్నాయి. రమేష్‌బాబు తండ్రి ముక్కు మీద తువ్వాలు పెట్టుకుని బయట నిలబడ్డాడు. బ్యాటరీ, గొలుసు మార్చే ఖర్చు తగ్గించాలని తులసి అడిగితే, ముందు గంప తియ్యమంటూ ఆయనే తగ్గించాడు.

పెట్టెల మీది స్టిక్కర్లని తులసి చేపల పొలుసు గీకే కత్తితో గీకేసింది. “నువ్వు ఎల్లని ఊరి పేరు నీకెందుకు?” అంది.

ఏప్రిల్ చివర్లో ఒక తెల్లవారుఝామున ఈశ్వర్ బయల్దేరాడు. ఒంటెకి గడ్డి పెట్టడం మరిచిపోకు బావా అని గంగులు కేకేశాడు. సాలూరు, జగదల్‌పూర్, రాయపూర్, నాగపూర్. తోచిన చోటల్లా ఆగాడు. ఆగిన చోటల్లా అద్భుతం కనపడిందని చెబితే అబద్ధమవుతుంది. ఎక్కువచోట్ల కనపడింది ఎండ. కానీ మహారాష్ట్ర దాటబోతూ, నందుర్బార్ దగ్గర హెల్మెట్ లోపల ఒక్కసారి పెద్ద తుమ్ము వచ్చింది. బండి ఆపి, ఇంకా తుమ్ముతూనే ఇంటికి ఫోన్ చేశాడు.

“మిరపకాయలే! పొలాలకి పొలాలు పరిచేశారు. మనం సేపలు ఎండబెట్టినట్టే! పక్కనే రైలు పట్టాలు. ఇదేనే, అందరం తుమ్మిన కాడ ఇదే!”

ఫోన్ గంగులు లాక్కున్నాడు. “ఆగేవా బావా?”

“ఆగేన్రా.”

“ఏటి సూసేవు?” అన్నాడు గంగులు. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. ఈశ్వర్ చెబుతూ ఉంటే చాలాసేపు విన్నాడు.

మే రెండో వారంలో వెరావల్ చేరేసరికి పడవలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. రేవులో మనవాళ్ళంతా బండి చుట్టూ మూగారు. మడ్‌గార్డు ముక్కు తడిమి చూశారు, హారన్ కొట్టి చూశారు. పడవ మీద నుంచి ఎవరో చాప తెచ్చి పరిచారు.

“అంత దూరం నుంచొచ్చేవు, కూకోరా ఈశ్వర్!”

“ఒద్దురా బాబూ,” అన్నాడు ఈశ్వర్, రెండు చేతులూ నడుముకి ఆనించి. “కూకునే వచ్చేను. ఇంక రెండు రోజులు నిలబడతాను.”