బొమ్మ పక్కన పేరు రాయొద్దన్న బావ

మా బావ పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున తాండూరు నుంచి అక్క ఫోన్ చేసి "నీ బావ లేడురా" అంది. మూడే మాటలు. వికారాబాద్ స్టేషన్‌లో బండి కోసం నిలబడి ఉండగానే నా ఫోన్‌లోకి ఒక బొమ్మ వచ్చింది. ఎవరో పంపితే ఇంకెవరో పంపగా, ఎన్ని చేతులు మారిందో తెలియని మా బావ ఫొటో. ముఖమంతా గళ్లు గళ్లు. మీసమెక్కడో, పెదవెక్కడో పోల్చుకోలేం. చుట్టూ పెట్టిన గులాబీలు, దీపాలు, ఒక పావురం మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఏడుపు రావాల్సిన చోట నాకు రోత పుట్టింది. బతికున్నన్నాళ్లూ ఆ మనిషి దేని గురించి మాతో కొట్లాడాడో, సరిగ్గా అదే చేసి సాగనంపారు.

మా బావ తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ మీద ముప్పయ్యేళ్లు పనిచేశాడు. ఈ దుమ్ము ఇక చాలని మానేసి కంది చేను చూసుకున్నాడు. ఎక్కడిదో పాత కంప్యూటర్ ఒకటి చేతికొస్తే, కందికి వచ్చే పురుగుల మీద, తెగుళ్ల మీద చిన్న చిన్న పేజీలు రాసి నెట్‌లో పెట్టేవాడు. రైతు చేన్లో నిలబడి, ఫోన్‌లో బొమ్మ చూసి, తన మొక్కతో పోల్చుకోవాలి. ఆయన పట్టుదలంతా అదే. సోకులేమీ లేవు. ఉత్త అక్షరాల ఫైలు. బొమ్మ రావాల్సిన చోట బ్రాకెట్ల మధ్య ఆ బొమ్మ ఫైలు పేరు. ఒక్క మీట నొక్కితే అదంతా వెబ్ పేజీ అయ్యేది.

ఆ బొమ్మలు చూపించడానికి ఆయనకు సరిగ్గా అన్నం వేళే దొరికేది. శనగపచ్చ పురుగు కంది కాయకు బొక్క పెట్టి, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని మెక్కుతుంటుంది. నేను జొన్నరొట్టె విరిచేసరికి ఆ ఫొటో నా ముక్కు ముందుకు వచ్చేది.

"బామ్మర్దీ, దీని నడుం మీద చారలు చూడు, ఎంత సాఫ్ వచ్చినయో!"

"తిన్నంక చూపరాదా బావా?"

"నువ్వు తినేదాక అది ఆగుతదా? అది గుడ తింటనే ఉంటది."

ఇప్పటికీ నాకు పప్పులో పచ్చిమిరపకాయ కనిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను ఏడో తరగతి దాటలేదు. వికారాబాద్‌లో దుకాణాల బోర్డులు రాసి బతికాను, చదువూ ఆ బోర్డుల మీదే నేర్చుకున్నాను. అందుకే నా రాత చదివితే మీకు కిరాణా కొట్టు గుర్తొస్తే తప్పు మీది కాదు. ఫ్లెక్సీలు వచ్చి నా కుంచె ఎండిపోయింది. ఆ కథ మొదలుపెడితే పొద్దు గూకుతుంది, వదిలేద్దాం.

ఎండు తెగులు సోకిన కంది మొక్కకు మొదలు నుంచి కాండం మీదికి ఊదా రంగు చార ఒకటి పాకుతుంది. అది ఫొటోలో తేలడం లేదని బావ నన్ను గీయమన్నాడు. గీశాను. ఫోన్‌తో ఫొటో తీసి పంపాను. ఫోన్‌లో పంపితే బొమ్మ నలిగి చిన్నదైపోతుందని నాకేం తెలుసు? వెంటనే ఫోన్ మోగింది.

"బొమ్మ పంపుమంటే పిసికి పంపినవేందిరా? చార ఏడబోయింది?"

మర్నాడు బండెక్కి తానే వచ్చాడు. కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని, స్కాన్ చేయించడానికి తాండూరు తీసుకుపోయాడు. పోతూ పోతూ బొమ్మ ఫైళ్ల రకాల మీద పాఠం చెప్పాడు. "ఫొటోకు జేపీజీ. గీసినదానికి పీఎన్‌జీ. గీసినదాన్ని జేపీజీల పెడితె గీత చుట్టు మురికి పడతది. మల్ల ఫైలు పేరు చివరి అచ్చరాలు మారిస్తె బొమ్మ మారిందనుకునేవు! తోక కోసి ఇంకో తోక కడితె మేక కుక్కయితదా?"

రెండేళ్ల కింద ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. ఎండు తెగులు పేజీలో బొమ్మలు ఎక్కించే పని నాకు అప్పజెప్పాడు. ఒక్కటే షరతు. "బ్రాకెట్ల బొమ్మ ఫైలు పేరు తప్ప ఇంకో అక్షరం రాయకు. రాసినవంటే బొమ్మ మాయమై ఆ మాటే లింకయి కూసుంటది."

విన్నాను. కానీ నలభై ఏళ్లు బోర్డులు రాసిన చేతికి, బొమ్మ కింద పేరు లేకుండా వదిలితే బట్టల్లేని మనిషిని వీధిలో నిలబెట్టినట్టు అనిపించింది. బ్రాకెట్లలోనే, ప్రతి బొమ్మ ఫైలు పక్కనా ముద్దుగా పేరు రాశాను. మీట నొక్కి, పేజీ తెరిచి చూడకుండా చాయ్‌కి పోయాను. నన్ను నేను అసహ్యించుకునే పనుల్లో మొదటిది ఆ చాయ్.

కుల్కచర్ల దగ్గరి రైతొకాయన ఆ పేజీ చూశాడు. బొమ్మలు లేవు, నీలి అక్షరాలున్నాయి. వాటి మీద వేలు పెట్టాలని ఆయనకేం తెలుసు? పురుగు పనే అనుకుని పురుగుమందు కొట్టాడు. చేను నిలువునా ఎండిపోయింది. ఒక మొక్కను వేళ్లతో పీకి పట్టుకుని బావ ఇంటికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"సారూ, బొమ్మ ఉంటె పోల్చుకుందును గద. ఉత్త మాటలు రాస్తె నాకేం సమజైతది?"

నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న బావ ఆ మొక్క కాండాన్ని వేలితో తడిమాడు. "తప్పు నాదే. కండ్ల ఆపరేషన్ల పడి చూస్కోలె" అన్నాడు. నా వైపు తల కూడా తిప్పలేదు. తర్వాతి వారం బస్సెక్కి పోయి, ఆ చేను చూసి, తెగులు మట్టిలోనే ఉంటుంది గనక వచ్చే ఏడు అందులో జొన్న వేయమని చెప్పి వచ్చాడు. నాతో అన్నది ఒక్కటే మాట: "బామ్మర్దీ, బొమ్మ పని బొమ్మను చేసుకోనియ్యి." ఆ తప్పు నాదని ఇన్నాళ్లకు మీకే చెబుతున్నాను. అక్కకు కూడా తెలియదు.

దినాల రోజున గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఫోన్లో తిరిగిన ఆ గళ్ల ఫొటోనే తలుపంత సాగదీశారు. మా బావ ముఖం తాండూరు బండలు పరిచిన నేలలా ఉంది. కట్టించినవాళ్ల ముఖాలు మాత్రం అంచుల వెంబడి నల్లద్దాలతో, తళతళా, కింద పేర్లతో సహా. పైన చదివేవాడికి ఊపిరందని బిరుదులు. థూ అనబోయి, చావింటి ముందని మింగాను.

అక్క బయటికొచ్చి చాలాసేపు చూసింది.

"ఇదెవరిదిరా?"

"బావదే అక్కా."

"మొకమేది మరి?"

ఆ గళ్లలో మీసం ఉండాల్సిన చోటు వేలితో చూపించాను.

"నువ్వు బొమ్మలు రాసెటోనివి. ఆయన మొకం సక్కగ కనబడేటట్టు ఏడన్న పెట్టురా" అని లోపలికి పోయింది.

పాత కంప్యూటర్‌లో వెతికితే ఒక్క మంచి ఫొటో దొరికింది. చుట్టమెవరో ఖరీదైన ఫోన్‌తో చేన్లో తీసింది. చేతిలో బొక్క పడిన కాయ పట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి, పురుగును తిడుతున్నాడు. ఆయన పేజీ మొదట్లో దాని పేరు పెట్టి మీట నొక్కాను. ముఖం రాలేదు, నీలి అక్షరాల్లో ఫైలు పేరొచ్చింది. ఆ కొత్త రకం ఫొటో ఈ పేజీకి బొమ్మగా తెలియదు. తోక మారుద్దామని చెయ్యి పోయింది, మేక గుర్తొచ్చి ఆగింది. ఫొటోను తెరిచి, పద్ధతిగా జేపీజీ చేసి, మళ్లీ బ్రాకెట్లలో పెట్టాను. ఇక పక్కన ఏదో ఒకటి రాయాలి కదా. పేరు, ఊరు, రైతు బంధువు అనో ఇంకేదో. ఒక అక్షరం టైపు చేశాను కూడా. చెరిపేశాను. మీట నొక్కాను.

ఈసారి చాయ్‌కి పోలేదు.

పేజీని అక్క ఫోన్‌లో తెరిచి ఇచ్చాను. గడపలో కూర్చుని రెండు వేళ్లతో ముఖాన్ని పెద్దది చేసింది. మీసం దగ్గర ఆగింది. కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది. అద్దం మీది మరక కాదది. బావ మీసం మీది చేను దుమ్ము.