రాంబాబు షిఫ్ట్ దీపం

నిన్న పొద్దున మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఆయన లేస్తలేడు" అన్నది.

"వీక్లీ ఆఫ్ కదమ్మా, పడుకోనియ్యి" అన్న, నవ్వుకుంట.

తర్వాత ఆమె ఏడుపు వినపడ్డది.

మా తమ్ముడు రాంబాబు లేడు. నిద్రలోనే హార్ట్ ఎటాక్ అన్నరు దవాఖానాలో.

ఈ మాట రాయడానికి చెయ్యి వస్తలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్న. ఇల్లందు వైపు ఒక బొగ్గుబాయిలో వాడిది గాలి చూసే పని. భూమి లోపల మనుషులున్న ప్రతి మూలకూ మంచి గాలి అందుతున్నదా, చెడు గాలి బయటికి పోతున్నదా అని తిరిగి చూడాలె.

వాడు బాయిలోకి దిగిన ప్రతి రోజూ, ఇక్కడ కారేపల్లిలో రాముడి ముందు ఇంకో దీపం పెట్టేదాన్ని. "పైకొచ్చిన అక్కా" అని ఫోనొచ్చేదాకా నూనె పోస్తనే ఉండేదాన్ని.

ఒక చలికాలం కరెంట్ పోయి బాయి మీది పెద్ద ఫ్యాన్ ఆగిపోయింది. అందరినీ పైకి పంపి వీడు ఆఖరికి వచ్చిండు. నా భయం చూసి నవ్విండు.

"బయట చలి, లోపల వేడి అక్కా. చల్లగాలి ఒక దారిలో దిగుతది, వేడిగాలి ఇంకో దారిలో పైకి పోతది. ఫ్యాన్ లేకున్నా కొంచెంసేపు బాయి తన ఊపిరి తనే తీస్కుంటది."

"మరి ఎండాకాలం?"

"ఎండాకాలం బయటా వేడే, లోపలా వేడే. గాలి కదలదు. ఇగ నీ దీపమే దిక్కు."

అప్పటినుంచి ఎండాకాలం ఇంకో వత్తి ఎక్కువ వేసిన.

మా ఇంటికొస్తే దేవుడికంటే ముందు అగరుబత్తి పొగను చూసేటోడు. పొగ పూజగదిలోనే తిరుగుతున్నదని ఒకరోజు సుత్తి తెచ్చి గోడకు పైన కన్నం కొట్టిండు.

"రాముడు దగ్గుతున్నడు అక్కా, నీకే వినపడ్తలేదు."

నెల రోజులు తిట్టిన.

నిన్న వాడికి సెలవు. అందుకే ఆ దీపం పెట్టలే.

ఇన్నేళ్లు బాయికే భయపడ్డ. ఇంట్లో, కిటికీ పక్కన, మంచం మీద వాడికి ఏమన్నా అయితదని ఒక్కనాడు అనుకోలే.

ఇయ్యాల పెడదామంటే మైల. పూజగది తలుపు మూసి ఉంది.

ఆ తలుపు ముందే కూర్చున్న. వాడు కొట్టిన కన్నంలోంచి వచ్చే గాలి, తలుపు కింది సందులోంచి కాళ్లకు తగుల్తున్నది.

ఇక షిఫ్టుల్లేవు నాన్నా. రాముడి దగ్గర శాంతిగా ఉండు.