మెరిసిన గుండు

నా చిన్నప్పుడు సముద్రం అవతలి దేశంలో, సుంగై పెటాని అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. మా కూలీల లైను ఇళ్ళ వెనక అడవిపందులు దిగి కర్రపెండలం తవ్వేసేవి, లేత రబ్బరు మొక్కల్ని పెకలించేవి. వాటిని కాల్చే పని తోట కావలివాడైన మా తాతయ్యది. తుపాకి తోట దొరది. గుండ్లు మాత్రం తాతయ్యే పోసుకునేవాడు.

సీసం కరిగించి ఇనప అచ్చులో పోసేవాడు. గుండు తుపాకి గొట్టం రంధ్రం కన్నా వెంట్రుకంత లావుండాలనీ, అప్పుడే లోపలి మెలిక గాడులు దాన్ని పట్టుకుని తిప్పుతూ తిన్నగా పంపుతాయనీ చెప్పేవాడు. చల్లారాక ఒక్కొక్కదాని అడుగూ వేలితో తడిమేవాడు. మంచివి పాలడబ్బాలో వేసి, తర్వాత ఇత్తడి తూటాల్లో బిగించేవాడు. మిగతావి మళ్ళీ కరిగించడానికి మూకుట్లో పడేసేవాడు.

ఒకనాడు మసకగా ఉన్నవన్నీ డబ్బాలో వేసి, తళతళలాడేదాన్నొకదాన్ని మూకుట్లో పడేశాడు. పాపం, తాతయ్యకి చూపు తగ్గిందనుకున్నాను. చెబితే నొచ్చుకుంటాడని, ఆయన చుట్ట వెలిగించుకోవడానికి లేచినప్పుడు దాన్ని తీసి డబ్బాలో వేసేశాను. పెద్ద ఉపకారం చేశానని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రెండు రోజులకి, మధ్యాహ్నం, తాతయ్య గురి తప్పింది. పంది తొడకి దెబ్బ తిని పొదల్లో దూరింది. నేను పరుగెత్తి డబ్బాలో వెతికాను. మెరిసేది లేదు.

దెబ్బతిన్న పంది మనిషి కనిపిస్తే మీద పడుతుంది. తెల్లారితే ఆ చెట్ల వరసలోనే మా అమ్మ రబ్బరు పాలు గీయాలి. అందుకని తాతయ్య వెలుగుండగానే ఒంటరిగా పొదల్లోకి వెళ్ళాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. పందిని చంపాడు గాని, ఆయన పిక్క చీలిపోయింది. అమ్మ కట్టు కడుతుంటే ఏడుస్తూ చెప్పేశాను.

"తాతా, నువ్వు పారేసిన గుండు నానే డబ్బాలో ఏసినాను."

అచ్చు బాగా వేడెక్కితే గుండు మసకబారుతుందనీ, అది లోపం కాదనీ చెప్పాడు. ఆ మెరిసేదానికి అడుగున అంచు విరిగిందట. అలాంటిది ఎంత గురి చూసినా వంకర పోతుందట. అమ్మ నా మీదికి చెయ్యెత్తింది. తాతయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని కొట్టకు. తూటాలో బిగించినప్పుడు మళ్ళీ సూడాల్సినోణ్ణి నాను. నాను సూడనేదు."

మర్నాడు దొర అడిగితే అదే చెప్పాడు. నా ఊసే ఎత్తలేదు. దొర తుపాకి తీసుకుని ఇంకొకరికిచ్చి, ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టాడు. బతికినన్నాళ్ళూ తాతయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని ఎన్నిసార్లు ఏడ్చానో.

పెద్దయ్యాక ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ పనిలో చేరాను. నా కింద పనిచేసే పిల్లలు పొరపాటు చేసి, పైవాళ్ళు వచ్చి నిలదీస్తే, 'నేను చూడలేదు' అని ముందు నేనే అనేదాన్ని. ఆ రెండు ముక్కలూ అనడం ప్రతిసారీ కష్టంగానే ఉండేది. ఇప్పటికీ అంతే. అయినా అంటాను.