మరవ మీద ఇసుక మూటలు

పోయిన గురువారం పత్తికొండలో బంధువుల పెళ్లి చూసుకొని కర్నూలుకు తిరిగి వస్తుంటే, దారిలో ఒక చెరువు కట్ట కింద టీ అంగడి కనబడి మా అమ్మాయి కారు ఆపించింది. యాభై దాటిన ఆ అంగడాయన, మేమెవరమో తెలియక, టీ వడగడుతూ మా డ్రైవరుకు చెరువు కథ మొదలుపెట్టాడు.

"ఒగప్పుడు ఈడ ఒగ ఇంజనీరు ఉండెనప్పా. మిలిట్రీలో యుద్ధం జేసొచ్చినోడంట. రొండు దినాలు వాన గట్టిగా పడేసరికి, అర్ధరేత్రి పెండ్లాం పిల్లోల్ని ఎత్తుకోని, మూడు పెట్టెలు నెత్తిన బెట్టుకోని ఉరికినాడంట! ఊరికే ఉరికినాడా, నిండిన చెరువును వంకపాలు జేసి మరీ పోయినాడు."

డ్రైవరు పకపకా నవ్వాడు. నోరు తెరవబోయిన మా అమ్మాయి చెయ్యి నొక్కి ఆపాను. అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం మూడున్నర. పెట్టె ఒక్కటే. ఆయన ఉరకలేదు, నడిచారు. ఆ ఇంజనీరు మావారు.

మావారిది నందికొట్కూరు దగ్గర చేనేత కుటుంబం. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో చేరి, తూర్పు సరిహద్దు యుద్ధంలో కాల్పుల మధ్య నది మీద వంతెన వేసి, పతకంతో తిరిగి వచ్చి, నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేశారు. పతకాన్ని పిల్లల పాలడబ్బాలో వేసి మరిచిపోయారు గాని, బూట్లకు పాలిష్ వేయకుండా ఒక్కనాడూ గడప దాటలేదు. అన్నానికి బియ్యం నేను కొలిస్తే ఎసరు ఆయన కొలిచేవారు. ఈ ఇద్దరికీ కొలతలు కుదిరాయి కాబట్టే కాపురం కుదిరిందని మా అత్తగారు నవ్వేవారు.

మా క్వార్టరు సరిగ్గా ఆ కట్ట కిందే ఉండేది. వరసగా మూడేళ్లు ఎండిన చెరువు ఆ ఏడు ఒక్క ముసురుకే అంచుల దాకా వచ్చింది. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయేందుకు కట్ట కొసన రాతితో కట్టిన మరవ ఉంటుంది. ఒక్క చుక్క కూడా పోగొట్టుకోలేని రైతులు దాని మీద ఇసుక మూటలు పేర్చి, చెరువు పట్టేదానికన్నా ఎక్కువ నీరు నిలబెట్టి, వాటి మీదే గోనెలు కప్పుకొని కాపలా కూర్చున్నారు. వాళ్ల ఆశను తప్పుపట్టగల ధైర్యం మా ప్రాంతంలో ఎవరికీ ఉండదు.

ఆ ఉదయం మా పెరటి వెనక, కట్ట అడుగున చిన్న ఊట కనబడింది. మావారు వంటింట్లోంచి గాజు గ్లాసు తీసుకుపోయి ఆ నీళ్లు పట్టి వెలుగుకు ఎత్తి చూశారు. తేటగా ఉన్నాయి. మధ్యాహ్నం మళ్లీ పట్టేసరికి ఎర్రగా వచ్చాయి. ఊట నీరు రంగు మారిందంటే కట్ట లోపల మట్టి కదులుతోందని అర్థమట. గ్లాసు పట్టుకొనే మరవ దగ్గరికి పోయి, మూటలు తీయమని బతిమాలారు.

"కట్ట అన్నాక చెమర్చదా సారూ?" అన్నాడొకడు.

"అంత బయమైతే మీ ఇంటోళ్లను ముందు పంపీపో, మాకేం!" అన్నాడు ఇంకొకడు.

ఆయన ఇంటికి వచ్చి, పిల్లల్ని ఎత్తుకోమన్నారు. కట్ట వెనక సందులోంచి పోదాం, ఎవరూ చూడరు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"చూడాలనే కదా పోయేది. వీధి నడిమధ్యన నడువు."

బాబును భుజాన ఎక్కించుకొని, పెట్టె ఒక చేత పట్టుకొని ఆయన ముందు నడిస్తే, అమ్మాయిని చంకనేసుకొని నేను వెనక నడిచాను. వానలో, ఊరంతా వాకిళ్లలో నిలబడి చూస్తుండగా, మిట్ట మీది బడి దాకా. కట్ట ఏ క్షణాన తెగుతుందో అన్న భయం ఒక పక్క, తల ఎత్తలేని సిగ్గు ఒక పక్క. మరవ మీదినుంచి కేక వినిపించింది: "యుద్ధం జేసొచ్చిన మొగోడు సూడండప్పా, నీళ్లకు జడిసి యాడికి పోతాండాడో!" ఆయన నడక వేగం పెరగలేదు, తగ్గలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మేము బడి చేరేలోపు వెనక అడుగులు వినబడ్డాయి. "ఇంజనీరమ్మే పోతాంటే మనమేం జేచ్చాండామే ఈడ!" అంటూ ఆడవాళ్లు పిల్లలతో, మేకలతో మిట్ట ఎక్కుతున్నారు. అందరినీ ఎక్కించాక ఒక ముసలమ్మ మాత్రం తిరిగి మరవ దగ్గరికి పోయి కొడుకు మీద విరుచుకుపడింది: "నీళ్లుంటే పంట పండుతాది సరే, తినేదానికి మేముండద్దా రా?" మొదటి మూట లాగింది ఆమే. తర్వాత మగవాళ్లే చేతులు వేశారు. నీరు వంకలోకి దూకిన చప్పుడు బడిదాకా వినిపించింది. మావారు కట్ట కిందికి తిరిగి పోయి, ఊట మీద ఇసుక, కంకర పోయించి, మళ్లీ తేట నీళ్లు వచ్చేదాకా ఆ గ్లాసుతో అక్కడే కూర్చున్నారు.

కట్ట తెగలేదు. కానీ ఆ ఏడు మళ్లీ చినుకు పడలేదు, కోతకు రావలసిన వరి సగం ఎండింది. దాంతో పిరికి ఇంజనీరు అన్న పేరు స్థిరపడింది. తెగిన కట్టకు సాక్ష్యాలుంటాయి, తెగని కట్టకు ఏముంటుంది? నిజంగా తెగేదా అని చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను.

"తెలీదు. తెలిసేదాకా ఆగకూడదనే నడిచింది" అన్నారు. చనిపోయేదాకా ఆ మాట ఇంకెవరికీ చెప్పుకోలేదు.

టీ తాగుతూ అంగడాయనను అడిగాను: "ఆ పొద్దు నువ్వు చూశావా నాయనా?"

"నాకేం తెలుసమ్మా, పాలు తాగే పిల్లోన్ని. మాయమ్మ నన్ను సంకనేసుకోని బడికాడికి పోయిందంట. శానా పిరికిదని మా నాయన సచ్చేదాకా ఎగతాళి జేచ్చాండె" అని నవ్వాడు. అతని వెనకే మా క్వార్టరు పునాది రాళ్లు కనబడుతున్నాయి.

కట్ట ఎక్కి చూస్తే చెరువు నిండా కంపచెట్లే. మరవ రాళ్ల మీద ఎవరో బట్టలు ఆరేశారు. నీటి కోసం తిట్టుకొని, ఆ నీటి మీదే కాపలా కూర్చునే మనుషులు ఇప్పుడక్కడ లేరు. వాళ్లు తిట్టిన తిట్లు కూడా ఈ నిశ్శబ్దం కన్నా మేలనిపించింది.

దిగివచ్చి మంచినీళ్లు అడిగాను. అతను గాజు గ్లాసుతో ఇచ్చాడు. అలవాటు కొద్దీ వెలుగుకు ఎత్తి చూశాను.

"ఏమ్మా, నీళ్లల్లో ఏమన్నా పడిందా?" అన్నాడు కంగారుగా.

"లేదు నాయనా. తేటగానే ఉన్నాయి" అని తాగేశాను.